ఉద్దానం నుంచి కమర్షియల్ పైలట్ లైసెన్సు దాకా: నా అనుభవం

2025 నవంబరులో నాకు కమర్షియల్ పైలట్ లైసెన్సు వచ్చింది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక చిన్న ఊరు. కొబ్బరి, జీడితోటల మధ్య ఇల్లు. లైసెన్సు వచ్చిన సంగతి తెలిసినప్పటి నుంచి పలాస, నరసన్నపేట, రాజాం, బొబ్బిలి వైపు నుంచి కూడా తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. అందరూ మొదట అడిగేది ఒక్కటే: "ఎంతవుద్దమ్మా?" నన్నడిగితే ముందు అడగాల్సింది "ఎన్నాళ్ళు పడుద్ది?" అని. ఫ్లయింగ్ స్కూలు వాళ్ళు గంటకి ఇంత అని లెక్క చెబుతారు. మన చేతిలో డబ్బు మాత్రం నెలల లెక్కన కరిగిపోతుంది. నాకు మొత్తం మూడేళ్ళు దాటింది. ఆ కాలం ఎక్కడెక్కడ పోయిందో వరసగా రాస్తున్నాను.

2022 జూన్‌లో ఇంటర్ ఎంపీసీ ఫలితాలు వచ్చాయి. ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలన్నది నిబంధన, అవి ఉన్నాయి. రెండు మూడు స్కూళ్ళకి ఫోన్ చేస్తే అందరూ ముందు అడ్వాన్సు కట్టి సీటు ఖాయం చేసుకోమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "ముందు నీ ఒళ్ళు దానికి పనికొస్తాదో లేదో తేలనీ. డబ్బు మాట తరవాత" అన్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు నేవీకి వెళ్ళి మెడికల్లో చెవి దగ్గర ఆగిపోయారు. అందుకే ఆ మాట అంత గట్టిగా అన్నారు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషపడుతున్నాను.

మెడికల్ రెండు మెట్లు. ముందు క్లాస్ 2, అది వచ్చాక క్లాస్ 1. ఉద్యోగం చెయ్యాలంటే క్లాస్ 1 తప్పనిసరి. జులైలో హైదరాబాద్ వెళ్ళి, డీజీసీఏ (పౌరవిమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 చేయించుకున్నాను. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, చెవి పరీక్ష, కళ్ళు, రంగుల చుక్కల పుస్తకం. అన్నీ సాఫీగా జరిగాయి, ఒక్కటి తప్ప. మూత్రం రిపోర్టులో ప్రోటీన్ ఎదురుగా "ట్రేస్" అని, అంటే కొద్దిగా పోతున్నట్టు ఉంది.

వేరే ఊరి వాళ్ళకి ఆ మాట ఏమీ కాదు. ఇంటింటా కిడ్నీ జబ్బు భయం ఉన్న ఉద్దానంలో ఆ మాట వింటే కాళ్ళు చల్లబడతాయి. మా తాతయ్య పలాసలో డయాలసిస్ చేయించుకుంటూనే పోయారు. మా వీధిలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంటే ఏమిటో తెలియని ముసలమ్మ లేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పగానే నాయనమ్మ ఫోను లాక్కుని "ఓలమ్మా, ఉచ్చ పరీక్షలో ఏటొచ్చినాదే?" అని ఏడుపు. ఆ రాత్రి హైదరాబాద్ లాడ్జిలో నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పడుకున్నాం. నా భయం పైలట్ అవుతానా కానా అన్నది కాదు. నాకూ మొదలైందా అన్నదే.

డాక్టరు మాత్రం కంగారు పడలేదు. జ్వరం వచ్చినా, ఎండలో తిరిగి నీళ్ళు తక్కువ తాగినా, బాగా పరుగెత్తినా ఒక్కోసారి ఇలా కనిపిస్తుందని చెప్పారు. నెలసరికి దగ్గర రోజులా అని కూడా అడిగారు. ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి: ఆ రోజులకు దూరంగా ఉన్న తేదీనే తీసుకోండి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. కిడ్నీ డాక్టరు దగ్గర పూర్తి పరీక్షలు చేయించి రిపోర్టు తెమ్మన్నారు.

విశాఖలో పిన్ని ఇంట్లో దిగి కేజీహెచ్ పెద్దాసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ విభాగం) ఓపీకి వెళ్ళాను. ఇరవై నాలుగు గంటల మూత్రం పరీక్ష రాశారు. పెద్ద క్యాను ఇస్తారు, ఒక పొద్దున నుంచి మర్నాడు పొద్దున దాకా ఒక్క చుక్క పోకుండా అందులోనే పట్టాలి. ఆ క్యానును సంచిలో పెట్టుకుని ఆటోలో వెళ్ళడం సిగ్గుగానే ఉండింది. తోడుగా క్రియాటినిన్, కిడ్నీల స్కానింగ్. రిపోర్టులన్నీ చేతికొచ్చి, డాక్టరు చూసి, "అంతా మామూలే" అని కాగితం మీద రాసి సంతకం పెట్టేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అమ్మ సరిగా అన్నం తినలేదు. ఆ కాగితం కలిపి పంపాక అక్టోబరులో క్లాస్ 2 అసెస్‌మెంట్, అంటే ఫిట్ అని డీజీసీఏ ఇచ్చే కాగితం వచ్చింది.

ఈ మధ్యలోనే డీజీసీఏ పరీక్షలకు కావలసిన కంప్యూటర్ నంబరుకి దరఖాస్తు పెట్టాం. పది, ఇంటర్ సర్టిఫికెట్లు బోర్డుల నుంచి వెరిఫై కావాలి. మన వైపు చాలామందికి ఉండే సమస్యే నాకూ ఎదురైంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టుగా ఆధార్, పాస్‌పోర్టు మార్పించుకోవాల్సి వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్లలుంటే ఈ పని ఇప్పుడే చేసుకోండి. ఖర్చు తక్కువ, మిగిలే నెలలు ఎక్కువ.

క్లాస్ 1 కి 2023 జనవరిలో బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్ళాను. అది ఎయిర్‌ఫోర్స్ వాళ్ళది. పొద్దున్నే పరగడుపున వెళ్ళాలి. కళ్ళలో చుక్కలు వేస్తే సాయంత్రం దాకా ఫోను మీద అక్షరాలు కనిపించవు, అందుకే తోడు ఎవరైనా ఉంటే మంచిది. కుటుంబంలో ఎవరికి ఏ జబ్బు అని అడిగినచోట తాతయ్య సంగతి దాచలేదు. కేజీహెచ్ కాగితాలు ముందే పెట్టాను. అక్కడి డాక్టరు శ్రద్ధగా చదివి, మళ్ళీ పరీక్ష చేయించి, బాగుందన్నారు. మార్చిలో క్లాస్ 1 అసెస్‌మెంట్ చేతికొచ్చింది. నాయనమ్మ కొబ్బరికాయ పట్టుకుని అరసవల్లి బయల్దేరింది. ప్రయాణాలు, పరీక్షలు, బస అన్నీ కలిపి అప్పటికి అరవై వేల దాకా అయింది. స్కూలుకి మాత్రం ఒక్క రూపాయి కట్టలేదు. ఆ ట్రేస్ నిజమైనదే అయ్యుంటే మాకు పోయేది ఆ అరవై వేలే.

ఇక లోను. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన రైతు కుటుంబాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. మాకున్నది తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లు సగానికి పైగా పోయాయి, తిరిగి నాటినవి ఇంకా పూర్తిగా కాపుకి రాలేదు. అయినా నేల ఉంది కదా అనుకున్నాం. బ్యాంకులో వ్యవసాయ భూమి తనఖాకి కుదరదన్నారు. అప్పు తీరకపోతే బ్యాంకులు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదట, అందుకని. నాన్న బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. "మూడు తరాలకి తిండెట్టిన నేల. దీనికి ఇలువ లేదంటే ఎలాగమ్మా?" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి.

చివరికి మావయ్య శ్రీకాకుళం టౌన్లో తన డాబా ఇల్లు పెట్టారు. అత్త ఒక్క మాట అడ్డు చెప్పలేదు. "నీ మీద నమ్మకమే గుంటా, ఎల్లి సదువుకో" అంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు ఒపీనియన్, ఇంటి ప్లాను, వాల్యుయేషన్. వీటికే వేసవి అంతా పోయింది. మంజూరయ్యేసరికి ఆగస్టు. లోను కాగితంలో కోర్సు కాలం ఎంత అని రాస్తారో దాన్ని బట్టే వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయో తేలుతుంది. స్కూలు వాళ్ళు ఇచ్చిన లెటర్లో పద్నాలుగు నెలలని ఉంటే బ్యాంకు అదే రాసుకుంది. ఆ మాట తరవాత ఎంత బరువైందో కింద చెబుతాను. మీరు మాత్రం మంజూరుకి ముందే మేనేజరుతో మాట్లాడి, ఆలస్యమైతే గడువు ఎలా పొడిగిస్తారో రాతలో తీసుకోండి.

లోను తిరుగుతుండగానే నేను ఢిల్లీ ద్వారకలో గ్రౌండ్ క్లాసులకి, అంటే రాత పరీక్షల పాఠాలకి చేరాను. ఫీజు రెండు లక్షల పైన, పీజీ అద్దె వేరే. పేపర్లు నాలుగు: మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, టెక్నికల్ జనరల్. ఒక్కోదాంట్లో డెబ్బై శాతం రావాలి, అరవై తొమ్మిది వచ్చినా తప్పినట్టే. జులై సెషన్లో రెండు, అక్టోబరు సెషన్లో రెండు రాసి గట్టెక్కాను. పది దాకా తెలుగు మీడియం చదివినదాన్ని. మొదటి నెల క్లాసులో సగం మాటలు పట్టుకోలేకపోయేదాన్ని, కానీ లెక్కల దగ్గరకి వస్తే ఎవరికీ తీసిపోలేదు. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషుకి భయపడి ఆగకండి. ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష ఒకటి వేరే ఉంటుంది. అందులో నాలుగో లెవెల్ వస్తే చాలు, అది మాట్లాడుతుంటే వచ్చేదే.

మెటియరాలజీలో తుఫాన్ల పాఠం వచ్చిన రోజు మర్చిపోలేను. తిత్లీ రాత్రి గాలి ఒక దిక్కు నుంచి కొట్టి కొట్టి, తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకుని నాన్న తలుపు తీయబోతే తాతయ్య తీయనివ్వలేదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. తుఫాను కన్ను మీదుగా వెళితే గాలి దిక్కు ఎందుకు తిరగబడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. బడి మెట్లెక్కని మా తాతయ్యకి అది తెలుసు.

ఫ్లయింగ్ మహారాష్ట్రలో ఒక స్కూల్లో, 2023 నవంబరులో మొదలైంది. లైసెన్సుకి రెండు వందల గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మనదే అయి), ఐదు గంటలు రాత్రిపూట, పది గంటలు పరికరాల మీద ఆధారపడి, ఇరవై గంటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. కాగితం మీద చూస్తే రోజుకి గంట ఎగిరినా ఏడు నెలలే కదా అనిపిస్తుంది. అలా ఎప్పటికీ జరగదు.

విమానాలకి యాభై గంటలకి, వంద గంటలకి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. ఏదైనా భాగం పాడైతే అది వచ్చేదాకా కదలదు. ఉన్న విమానాలకి మించి విద్యార్థులు ఉన్నారు, ఇన్‌స్ట్రక్టర్లు మానేసి వేరే చోటికి వెళ్ళిపోతుంటారు. చలికాలం పొద్దున్న పొగమంచు, మధ్యాహ్నం ఎండ గాలులు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు నేల దాకా దిగిపోయి ఉంటుంది. రోజూ ఆరింటికల్లా యూనిఫాం వేసుకుని ఆపరేషన్స్ గది ముందు నిలబడితే, బోర్డు మీద నా పేరు ఉన్నా "మెట్ క్లియర్ కాలేదు", అంటే వాతావరణం బాగాలేదు అని తుడిచేసేవాళ్ళు. 2024 వర్షాకాలంలో వరసగా వారాల తరబడి నేల మీదే ఉన్నాను. గ్యాప్ ఎక్కువైతే మా స్కూల్లో సోలో (ఒంటరిగా ఎగరడం) ఇవ్వరు, ముందు ఇన్‌స్ట్రక్టరుతో డ్యూయల్ చెక్ చెయ్యాలి. ఆ గంటకి డబ్బు మనదే. హాస్టలు, మెస్సు నెలకి పద్నాలుగు వేలు, ఎగిరినా ఎగరకపోయినా. ఇంటి దగ్గర లోను వడ్డీ పెరుగుతూనే ఉంది. అమ్మ ఫోన్ చేసి "ఈరోజు ఎగిరినావా?" అని అడిగేది. రోజూ లేదని చెప్పలేక కొన్నాళ్ళు ఫోను ఎత్తడం మానేశాను. అక్కడ నాతో ఉన్న ఇద్దరు తెలుగు పిల్లలు ఆ వర్షాకాలంలోనే మానేసి వెళ్ళిపోయారు. వాళ్ళు నాకంటే బాగా నడిపేవాళ్ళు. వాళ్ళకి డబ్బు అయిపోయింది, అంతే.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఫీజు కాకుండా ఇవి అడగండి: ఈరోజు ఎగరగలిగిన విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎంతమంది, కిందటి ఏడాది ఒక విద్యార్థి రెండు వందల గంటలు పూర్తి చెయ్యడానికి ఎన్ని నెలలు పట్టింది. ఆఫీసులో కాదు, హాస్టల్లో పాత విద్యార్థులని అడగండి. ఫీజు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి. నేను గంటలను బట్టి విడతలుగా కట్టాను, అందుకే మధ్యలో ధైర్యంగా అడగగలిగాను.

మొదటి సోలో గురించి అందరూ అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో ఒక పొద్దున, మూడు సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి, మళ్ళీ దిగడం) కొట్టించి, ఇన్‌స్ట్రక్టరు సర్ ఇంజను నడుస్తుండగానే తలుపు తీసి దిగి, బెల్టు కట్టి, "ఒక్క సర్క్యూట్. వచ్చెయ్" అన్నారు. పక్క సీటు ఖాళీ. ఒక మనిషి బరువు తగ్గింది కదా, మా చిన్న సెస్నా విమానం అనుకున్న చోటుకంటే ముందే నేల వదిలేసింది. భయపడడానికి తీరిక లేదు. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా వెనక్కి వెళ్ళే దారిలో) చెక్‌లిస్టు పైకే చదువుకున్నాను, అదీ తెలుగు యాసలో. దిగాక సర్ చెయ్యి కలిపితే అప్పుడు వణికాయి కాళ్ళు. ఆ పావుగంట కోసమైతే నేను మళ్ళీ అన్నీ భరిస్తాను.

రేడియో పరీక్ష, అంటే ఆర్‌టీఆర్, 2024లో హైదరాబాద్‌లో రాశాను. అప్పుడది టెలికాం శాఖ కింద ఉండేది. 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చి అది డీజీసీఏ చేతికి వెళ్ళింది, కాబట్టి పాత వాళ్ళు చెప్పే పద్ధతులు పట్టుకుని తయారవకండి.

గంటలు పూర్తయ్యేసరికి 2025 వేసవి. ఇక్కడ ఎవరూ చెప్పని ఇంకో ఖర్చు. లైసెన్సుకి దరఖాస్తు పెట్టే తేదీకి ముందు ఆరు నెలల్లో కనీసం పదిహేను గంటలు కమాండ్‌లో ఎగిరి ఉండాలి. స్కిల్ టెస్టులు కూడా పాతబడకూడదు. పగలు రెండు వందల యాభై నాటికల్ మైళ్ళు, రాత్రి నూట ఇరవై మైళ్ళు క్రాస్ కంట్రీ పరీక్షలు, జనరల్ ఫ్లయింగ్ టెస్టు, ఆపైన రెండింజన్ల విమానం. రెండింజన్ల విమానం దొరికేదాకా ఆగుతుంటే నా కమాండ్ గంటలు ఆ ఆరు నెలలు దాటి పాతబడిపోసాగాయి. గంటలు నిలబెట్టుకోవడానికే మళ్ళీ ఎగరాల్సి వచ్చింది. మొదట 48 లక్షలనుకున్నది వీటన్నిటితో 58 దాటింది. పద్నాలుగు నెలలని రాసిన కోర్సు రెండేళ్ళు పట్టింది. బ్యాంకు వాళ్ళు వాయిదాలు మొదలవుతాయని నోటీసు పంపారు. స్కూలు నుంచి ఆలస్యం లెటరు తెప్పించి, నాన్న పలాస నుంచి తిరిగి తిరిగి గడువు పొడిగించుకున్నారు.

గంటలన్నీ ఈజీసీఏలో (డీజీసీఏ వెబ్‌సైటు) ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్కులో ఎక్కించాలి, ఇన్‌స్ట్రక్టరు ఒప్పుకోవాలి. ఏ రోజుది ఆ రోజే ఎక్కించి ఒప్పించుకోండి, ఎందుకంటే మానేసి వెళ్ళిపోయిన ఇన్‌స్ట్రక్టరుని వెతికి పట్టుకోవడం చాలా కష్టం. సెప్టెంబరు చివర్లో దరఖాస్తు పెట్టాను, నవంబరులో లైసెన్సు ఫోనులోనే వచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి పైలట్ లైసెన్సులు ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తున్నారు. దాన్ని ప్రారంభించినది పౌరవిమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు, మా శ్రీకాకుళం ఎంపీయే. అందుకే మా ఊళ్ళో చాలామంది "మంత్రి మనోడే కదా, ఒక మాట సెప్పించు, ఉద్యోగం వచ్చేస్తాది" అంటున్నారు. మెడికల్లో గానీ, డెబ్బై శాతం మార్కుల్లో గానీ, ఎయిర్‌లైన్ సిమ్యులేటరు (నేల మీదే విమానం నడిపించి చూసే యంత్రం) పరీక్షలో గానీ ఎవరి మాటా నడవదు. అలా నడిపిస్తామని మధ్యవర్తులు వస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి. భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, ఇంటి దగ్గరే పని అని కూడా అంటున్నారు. ఎయిర్‌పోర్టు ఎక్కడుందన్నదానికీ పైలట్ ఎక్కడుంటాడన్నదానికీ సంబంధం లేదు, ఎయిర్‌లైన్ ఏ ఊరు చెబితే అదే మన ఊరు.

ఇప్పుడు నా దగ్గర లైసెన్సు ఉంది, ఉద్యోగం లేదు. పెద్ద విమానం నడపాలంటే ఆ రకానికి టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానానికి వేరే శిక్షణ, అనుమతి కావాలి. ఎయిర్‌బస్ ఏ320 కి నేను అడిగిన చోట్ల పదిహేను లక్షలకి అటూ ఇటూ చెప్పారు. ముందే టైప్ రేటింగ్ చేసుకుని వస్తే తొందరగా తీసుకుంటారని కొందరి సలహా. అలా చేసుకుని ఏడాదిగా ఎదురుచూస్తున్న సీనియర్లని నేను చూశాను. అందుకే మావయ్యనీ నాన్ననీ కూర్చోబెట్టి చెప్పాను: ఏదైనా ఎయిర్‌లైన్ రాత పరీక్ష, సిమ్యులేటరు దాటి ఎంపిక లెటరు చేతికొచ్చాకే ఆ డబ్బు గురించి మాట్లాడదామని. ప్రస్తుతం ఒక చోట దరఖాస్తు పెట్టాను. పొద్దున తోటలో నీళ్ళు పెట్టే పని చూసి, పదింటి నుంచి టెక్నికల్, నావిగేషన్ పాత ప్రశ్నలు చేస్తున్నాను. వాయిదాలు 2026 సెప్టెంబరులో మొదలవుతాయి.